జీరో పాయింట్ దాకా వచ్చిన పాట

సత్యవేడులో సద్దుకు కరువు లేదు. తెల్లవారకముందే శ్రీసిటీ కంపెనీ బస్సులు హారన్లు మొదలుపెడతాయి. ఊత్తుకోట బస్సులో తమిళ పాట, తిరుపతి బస్సులో తెలుగు పాట. రెండూ బస్టాండులో పక్కపక్కన ఆగితే ఏది ఇళయరాజాదో తేల్చుకునేలోపే వెళ్ళిపోతాయి. బహుశా రెండూ ఆయనవే. ఆడి నెలంతా అమ్మవారి గుళ్ళ మైకులు, అది దాటితే పెళ్ళిళ్ళ మైకులు. ఇంత గోలలో నోరు మూసుకుని కూర్చున్నది నా లాప్‌టాప్ ఒక్కటే.

పాతదైపోయిందని దాంట్లో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించాను. విండోస్ ఉన్నప్పుడు బటన్ నొక్కి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి రావచ్చు. ఇప్పుడు చకచకా లేస్తోంది. వైఫై దొరికింది. ప్రింటరు కూడా మాట వింది. లైనక్స్ తెలిసినవాళ్ళకు ఈ వాక్యం చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. పాట పెడితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పొద్దున్నే సుప్రభాతం అమ్మ అందులోనే వింటుంది. ఫోన్లో వింటే సామికి జలుబు చేసినట్టుంటుందని ఆమె ఫిర్యాదు.

"ఏమైందిరా దానికి?"

"సద్దు రాలేదు మా."

"గొంతు పట్టుకునిందా? అయితే సురుటుపల్లికి పోయొస్తే మేలు. ఆయనకీ గొంతులోనే గదా ఆగింది."

హాలాహలం మింగి, పార్వతి ఒడిలో తలపెట్టి పడుకున్న శివుడు మాకు దగ్గర్లోనే ఉన్నాడు. అమ్మ అంతటితో ఆగలేదు. "కాదులే. పోయింది తెచ్చియ్యాలంటే నాగలాపురం సామే. యేదాలే పోతే సముద్రంలోనించి తెచ్చినోడు, నీ పాట తేలేడా?" సోమకాసురుడు ఎత్తుకుపోయిన వేదాల్ని చేప రూపంలో వెళ్ళి తెచ్చిన వేదనారాయణుడికి, నాగలాపురంలో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గుడి ఉంది. కేసు ఏ సామి పరిధిలోకి వస్తుందో అమ్మ తేల్చుకునేలోపు నేను బజారుకు పోయాను.

సెల్‌ఫోన్ షాపు కుర్రాడు మూత కూడా తెరవకుండానే జబ్బు కనిపెట్టాడు. "లైనక్సా? విండోస్ ఏసేద్దాం సార్, ఐదు నూర్లు." స్క్రీన్ పగిలిందని తీసుకుపోయినా ముందు విండోసే వేసి చూస్తాడేమో.

ఇక మిగిలింది మేనల్లుడు. శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ప్లస్ టూ చదివింది ఊత్తుకోట గవర్నమెంటు బళ్ళో. తమిళనాడు ప్రభుత్వం 2011లో పిల్లలకు ఉచితంగా లాప్‌టాప్‌లు ఇయ్యడం మొదలుపెట్టింది. వాటిలో విండోస్‌తో పాటు, చెన్నై సీడాక్‌లో తయారైన బాస్ లైనక్స్ కూడా పెట్టి ఇచ్చారు. తోటి పిల్లలు ఆ రెండోదాని జోలికి పోలేదు. వీడు పోయాడు, ఆనాటి నుంచీ మనిషి మనిషి కాడు.

వాడు లినక్స్ అంటాడు. షాపు కుర్రాడు లైనక్స్ అంటాడు. 1991లో దీన్ని మొదలుపెట్టిన లీనస్ టోర్వాల్డ్స్, తాను ఎట్లా పలుకుతాడో చెబుతూ స్వయంగా ఒక ఆడియో రికార్డు చేసిపెట్టాడు. అది వినిపించి తగువు తీర్చేద్దామంటే, సద్దు రాదే!

"మామా, అవుట్‌పుట్ దగ్గర డమ్మీ అని చూపిస్తా ఉందా?" ఫోన్లో మేనల్లుడు.

"లేదబ్బా."

"అయితే సౌండు కార్డు బతికే ఉండాది. హెచ్‌డీఎంఐ పక్కకు పోతా ఉందా?"

"లేదు."

"పాట పెట్టు. పచ్చగీత ఆడతా ఉందా?"

ఆడుతోంది. మామూలుగా కాదు, పల్లవికి ఎగిరి, చరణానికి తగ్గి, తబలా దగ్గర వణికి మరీ ఆడుతోంది. కళ్ళకు పాట మొత్తం కనబడుతోంది. చెవికి చుక్క రాలేదు.

"అయితే పైప్‌వైర్‌ని చంపెయ్ మామా. ఏం భయపడొద్దు, చంపినా దానంతట అదే లేస్తాది."

ఫోను స్పీకర్లో ఉంది. "ఎవుర్నిరా చంపేది?" అంటూ వంటింట్లోంచి అమ్మ గరిటెతో వచ్చేసింది.

ఇక్కడ తెలుగుగంగ సంగతి ఎత్తకపోతే నేను ఈ ఊరివాణ్ణే కాదు. మద్రాసు దాహం తీర్చడానికి 1983లో ఒప్పందం రాసుకున్నారు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీల కృష్ణ నీళ్ళు ఇయ్యాలి. మొత్తం 15. దారిలో ఆవిరయ్యేదీ ఇంకేదీ 3 పోతే మిగిలేది 12. శ్రీశైలంలో బయల్దేరిన నీళ్ళు పోతిరెడ్డిపాడు దాటి, వెలుగోడులో ఆగి, సోమశిలలో ఆగి, కండలేరు చేరి, అక్కణ్ణించి 152 కిలోమీటర్ల కాలువలో నడిచి ఊత్తుకోట పక్కన జీరో పాయింటుకు వస్తాయి. అక్కడితో మన లెక్క సరి, ఆ తర్వాత వాళ్ళ లెక్క. నీళ్ళు రాలేదని అవతలివాళ్ళంటే వదిలామని ఇవతలివాళ్ళంటారు. కాగితం ఇద్దరి దగ్గరా ఉంటుంది.

లైనక్స్‌లో పాటదీ ఇదే ప్రయాణం. ప్లేయర్ వదిలిన పాటను ముందు పైప్‌వైర్ పట్టుకుంటుంది. 2017లో బయటికొచ్చిన కొత్త రిజర్వాయరు ఇది. అంతకుముందు, 2004లో పుట్టిన పల్స్‌ఆడియో ఆ పని చేసేది. పాత ప్రోగ్రాములు ఇప్పటికీ పల్స్‌ఆడియో అనే పిలుస్తాయి, పైప్‌వైర్ నామోషీ పడకుండా 'ఆఁ' అంటుంది. దాని దిగువన 1998లో తవ్వడం మొదలుపెట్టిన అల్సా, ఆ దిగువన డ్రైవరు, తర్వాత చిప్పు, చిట్టచివర వేలెడు స్పీకర్లు. అన్ని షట్టర్ల దగ్గరికీ వెళ్ళి అడిగాను. అందరూ వదిలామనే చెప్పారు. లాగ్ తీసి చూస్తే ఒక్క ఎర్ర అక్షరం లేదు. ఒకడు తప్పు చేస్తే వాడి చొక్కా పట్టుకోవచ్చు. అందరూ పని చేశామని రుజువు చూపిస్తే ఎవడి చొక్కా పట్టుకునేది?

"అల్సామిక్సర్ కొట్టు మామా," అన్నాడు వాడు చివరికి. గొంతులో నైట్ షిఫ్టు నిద్ర.

నల్లటి తెర మీద నిలువు కడ్డీలు వచ్చాయి. కడ్డీ కింద రెండు ఎమ్‌లు ఉంటే మూసినట్టు, రెండు సున్నాలుంటే తెరిచినట్టు. ఎఫ్6 నొక్కి సరైన కార్డు ఎంచుకున్నాను. మాస్టర్ తెరిచే ఉంది. స్పీకర్ తెరిచే ఉంది. ఎందుకైనా మంచిదని అన్నిటినీ నూటికి నూరు చేశాను.

"కుడిపక్కకు బాణం నొక్కుకుంటా పో. ఆటో మ్యూట్ అని ఉందా?"

"ఉండాది. ఎనేబుల్డ్ అంటా ఉండాది."

"ఇయర్‌ఫోన్ పెట్టినావా?"

"బీరువాలో ఉండాదిరా."

"దానికి పెట్టినట్టే ఉండాది మామా."

హెడ్‌ఫోన్ గుంతలో పిన్ను దూరితే లోపలి చిన్న రేకు కదిలి చిప్పుకు కబురు పోతుంది. చిప్పు మర్యాదగా స్పీకర్ల నోరు మూసి, పాటను పిన్ను దారి పట్టిస్తుంది. దుమ్ము చేరిందో, రేకు బిగుసుకుందో, పిన్ను లేకుండానే కబురు పోతోంది. అంటే ఇన్నాళ్ళూ ఘంటసాల నుంచి బాలు దాకా అందరూ ఆ ఖాళీ గుంతలోకే శ్రావ్యంగా పాడుతున్నారు.

అమ్మకు విషయం చెప్పాను. "ఊది చూసినావా?" అని, నా జవాబు కోసం ఆగకుండా ఊదేసింది. మిక్సీకి, రేడియోకి, చిన్నప్పుడు నా చెవికి, అన్నిటికీ ఆమె దగ్గర ఇదే వైద్యం. నా చెవికి పనిచేసింది, దీనికి చెయ్యలేదు. ఆటో మ్యూట్‌ని డిసేబుల్డ్ చేశాను.

అన్నీ నూటికి నూరు పెట్టి ఉంచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మిట్టమధ్యాహ్నం రెండు గంటలకు సుప్రభాతం వీధి మొత్తాన్ని లేపింది. పక్కింటాయన కునుకులోంచి ఉలిక్కిపడి, వేపపుల్ల చేతబట్టుకుని బయటికొచ్చి, నడినెత్తిన ఎండ చూసి లోపలికి పోయాడు.

పేరు ఎవరికి పోవాలన్నది తర్వాత తగువు. మేనల్లుడు తనకే అన్నాడు. అమ్మ సామికి అంది. ఏ సామికన్నది ఆమెకే తేలలేదు గనక నాగలాపురానికీ సురుటుపల్లికీ రెండు చోట్లకూ పోవాలని తీర్పు చెప్పి, దారి ఖర్చు నా మీద వేసింది.

ఆటో మ్యూట్ ఆపేస్తే ఇంకొకటి కూడా జరుగుతుంది. అది వాడు నాకు చెప్పలేదు. మొన్న అమ్మ ఊత్తుకోటలో అక్క ఇంటికి పోయిన రాత్రి, వీధివాళ్ళ నిద్ర చెడగొట్టడమెందుకని బీరువాలోంచి ఇయర్‌ఫోన్లు తీసి, రెండు చెవుల్లో గట్టిగా దోపుకుని, ఒక పాత హత్య సినిమా పెట్టుకున్నాను. నిద్రొస్తే సగంలో ఆపేసి పడుకున్నాను. తెల్లారి పాల కోసం తలుపు తీస్తే పక్కింటాయన ఎదురుగా నిలబడున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ఆ పిల్లను చంపింది ఎవురు? మీరు పన్నెండుకు ఆపేసి పండుకునేస్తిరి, మా ఇంట్లో ఒకరికీ నిద్ర పట్టలా."