టాక్ శాస్త్రం, గోదావరి శాఖ

యథార్థజ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను న్యాయదర్శనం గుర్తించగా, గోదావరి డెల్టాలోని సినిమా ప్రేక్షకలోకం వాటిలో మొదటిదాన్ని, అంటే కళ్లతో చూసి తెలుసుకోవడాన్ని, దాదాపుగా రద్దు చేసి, నాలుగోదైన శబ్దం మీదనే, అంటే ఇతరుల మాట మీదనే, తన విమర్శశాస్త్రాన్నంతా నిలబెట్టుకుంది. ఈ శాస్త్రానికి టాక్ అని పేరు. కొత్తగా విడుదలైన చిత్రం గురించి చూసినవారూ చూడనివారూ కలిసి మధ్యాహ్న భోజనాల వేళకు ఖాయం చేసే ఏకవాక్య తీర్పే టాక్. తీర్పరి ఎవరో తెలియదు, విచారణ జరిగిన దాఖలా ఉండదు, అప్పీలుకు అవకాశం లేదు.

శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలని, అంటే విషయం తెలిసి నిజం పలికేవాడై ఉండాలని నైయాయికులు షరతు పెట్టారు. గోదావరి శాఖ ఆ ఆప్తుడిని డల్లాసులో కనుగొన్నది. విడుదల తేదీకి ముందురోజే వేసే ప్రీమియర్ షోలు అమెరికాలో గురువారం మధ్యాహ్నం నుంచే మొదలవుతాయి. మన గడియారం అక్కడి గడియారం కంటే తొమ్మిదిన్నర గంటలకు పైగానే ముందుంటుంది. అందువల్ల అమలాపురంలో శుక్రవారం ఉదయపు ఆటకు గేటు తీసేసరికే సాఫ్ట్‌వేర్ అల్లుడి సందేశం మామగారి ఫోనులో చేరి, అక్కడి నుంచి కాఫీ హోటలుకూ, హోటలు నుంచి బస్టాండుకూ పాకి ఉంటుంది. కోనసీమ కొబ్బరితోటల్లో తీసిన చిత్రం కోనసీమవారికి నచ్చుతుందో లేదో టెక్సాస్ నుంచి కబురు రావలసిన ఈ ఏర్పాటులో వింత ఉన్నట్లు ఎవరికీ తోచకపోవడమే ఈ శాస్త్రం సాధించిన మొదటి విజయం. ఆ తరువాత హాలుకు వెళ్లేవాడు సినిమా చూడడానికి వెళ్లడు, విన్నదాన్ని సరిచూసుకోవడానికి వెళతాడు.

పరిభాష మాత్రం క్లుప్తమైనది. ల్యాగ్ అంటే కథ నెమ్మదించిందన్న ఆరోపణ. ఇది విశ్రాంతి తరువాతి భాగానికి వర్తించినంతగా ముందు భాగానికి వర్తించదు. ఎలివేషన్ అంటే కథానాయకుడు ఏమీ చేయకుండా నడిచి వస్తుండగా నేపథ్య సంగీతం ఆయన తరఫున అన్నీ చేసిపెట్టడం. ‘ఒకసారి చూడొచ్చండీ’ అన్నది అత్యున్నత తాత్త్విక వాక్యం. నచ్చిందని చెప్పి ఎవరి ఎదుటా పూచీ పడకుండా, నచ్చలేదని చెప్పి ఏ అభిమాన సంఘంతోనూ కయ్యం తెచ్చుకోకుండా, వక్తను క్షేమంగా ఇంటికి చేర్చే ఇంతటి వాక్యం మరొకటి లేదు.

అయితే ఈ శాస్త్రానికి ప్రాణమైన లక్షణం వేరే ఉంది. తీర్పు చెప్పేవాడు తన తరఫున ఎన్నడూ మాట్లాడడు. సినిమా వ్యాపారులు తమ లెక్కల సౌలభ్యం కోసం నగరాలను ఏ సెంటర్లనీ, పట్టణాలను బి సెంటర్లనీ, చిన్న ఊళ్లను సి సెంటర్లనీ విభజించుకుంటే, ప్రేక్షకుడు ఆ విభజనను తన అంతఃకరణంలోకి తెచ్చుకున్నాడు. ‘మనకి బాగానే ఉందండీ, సి సెంటర్లలో కష్టం’ అని రాజమండ్రి దేవీచౌక్‌లో ఒకరు రాజోలు దిక్కుగా చెయ్యి చూపిస్తే, ‘మాకు నచ్చిందండి, లంకల్లో వాళ్లకే ఎక్కదు’ అని రాజోలు ప్రేక్షకుడు ఏటివైపు చూపిస్తాడు. రేవు దాటి వచ్చిన లంక రైతును అడిగితే ‘ఆయ్, శుభ్రంగా ఉందండి, మరి ఆ టౌన్లో బాబులకి నచ్చుద్దో లేదో’ అంటాడు. మాస్ అనే జాతిని వెతుకుతూ బయలుదేరిన పరిశోధకుడు ఈ విధంగా రెండు గోదావరి పాయలూ దాటి, మాస్ మనిషి ఒక్కడైనా తారసపడకుండానే తిరిగి దేవీచౌక్ చేరుకుంటాడు. ‘ఫ్యామిలీలు రావండీ’ అని హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించే పెద్దమనిషి వెనుక ఆ క్షణంలోనే ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఆటో కోసం నిరీక్షిస్తూ ఉంటారు. వారికి సినిమా ఎలా ఉందో ఆయన అడగడు, వారు ఫ్యామిలీలు కారు గనుక.

తనకేమనిపించిందో చెప్పనక్కరలేని ఈ సౌకర్యాన్ని అంకెలు పరిపూర్ణం చేశాయి. టికెట్ల మీద వసూలైన మొత్తాన్ని గ్రాస్ అనీ, పన్నులూ హాలు అద్దే పోగా పంపిణీదారుకు మిగిలేదాన్ని షేర్ అనీ అంటారు. పంపిణీదారుకు నిద్ర పట్టనివ్వని ఈ లెక్క, చిత్రంలో చిల్లిగవ్వ పెట్టుబడి లేని వరిరైతుకు కంఠస్థం కావడం ఒక సాంస్కృతిక సంఘటన. సినిమా ఎలా ఉందని అడిగితే ‘ఈస్ట్‌లో మొదటిరోజు ఇంత, వెస్ట్‌లో ఇంత’ అని జవాబు చెప్పడం, పులస పులుసు రుచి ఎలా ఉందని అడిగినప్పుడు చేప ఖరీదు చెప్పడం వంటిది. (2022 ఏప్రిల్ 4న ప్రభుత్వం రాష్ట్రాన్ని 26 జిల్లాలుగా విడగొట్టి కాకినాడ, కోనసీమ, ఏలూరులను వేరుచేసినా, సినిమా వ్యాపార పటంలో పాత తూర్పూ పాత పశ్చిమమూ చెక్కుచెదరలేదు.)

ఇంతటి ఆత్మలోపం ఈ నేలకు సహజమని అనుకోవడానికి చరిత్ర అనుమతించదు. 1936లోనే నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ పేరుతో స్టూడియో కట్టినది రాజమండ్రిలో. తరువాతి కాలంలో ఆంధ్రపత్రికలో తన కళ్లతో చూసి తన మాటల్లో సమీక్షలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ పుట్టినది ధవళేశ్వరంలో. ‘మూగమనసులు’ (1964), పులిదిండిలో తీసిన ‘సాక్షి’ (1967), లాంచీ మీద భద్రాద్రికి సాగిన ‘అందాల రాముడు’ (1973) ఈ నదికి తెర మీద ముఖపరిచయం కల్పించాయి. ఆ పరిచయం వల్లనేమో, ప్రత్యక్షప్రమాణం ఒక్క విషయంలో ఇక్కడ ఇంకా బతికే ఉంది. పట్టిసీమ దగ్గర పడవెక్కిన కథానాయకుడు మరుసటి షాటులోనే కోటిపల్లి రేవులో దిగితే, మధ్యలో ధవళేశ్వరం బ్యారేజీ ఏమైందని హాలంతా ఒక్క గొంతుతో అడుగుతుంది. ఏటినీటి రంగు చూసి శ్రావణమో మాఘమో పట్టేస్తుంది. హైదరాబాదులో వేసిన సెట్టులోని పెంకుటిల్లు అరుగు ఎత్తు తప్పిందని చెబుతుంది. నటుడు పలికిన ‘ఆయ్’ ఎక్కడ అతికించారో విని నవ్వుతుంది. ఇది నిఖార్సయిన విమర్శ. దురదృష్టవశాత్తూ దీన్ని అందరూ సరదా కబుర్లుగా పరిగణించి, బయటికి రాగానే గంభీరంగా షేరు సంగతి ఎత్తుకుంటారు.

టాక్ ఎంత నిఖార్సయినదో తేల్చే ఉదాహరణలకు కొదవ లేదు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైన రోజునే కోస్తాను తుపాను ముంచెత్తగా, తొలిరోజుల్లో హాళ్లకు చేరలేకపోయిన జనమే వానలు వెలిశాక దాన్ని ఘనవిజయం చేశారు. భీమవరంలో పుట్టిన త్రివిక్రమ్ తీసిన ‘ఖలేజా’ 2010లో పరాజితుల జాబితాలో చేరి, పిమ్మట టీవీలో ఏళ్ల తరబడి ప్రియమై, 2025 మే నెలలో మళ్లీ హాళ్లకు వచ్చినప్పుడు ఈలల మధ్య ఊరేగింది. ఆనాడు దానికి ఫ్లాప్ టాక్ ఇచ్చినదెవరని విచారిస్తే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఒక్కరైనా ఒప్పుకోరు. 1980 ఫిబ్రవరిలో పలుచని హాళ్లలో మొదలైన ‘శంకరాభరణం’ విషయంలో ఇందుకు పూర్తిగా తలకిందులైన పరిస్థితి ఉంది: దాన్ని మొదటిరోజు మొదటి ఆటకే చూసి గొప్పదని గుర్తించామనే పెద్దలు ఒక్క రాజమండ్రిలోనే ఎంతమంది ఉన్నారంటే, వారంతా ఆనాడు నిజంగానే వెళ్లి ఉంటే, హాలువారు పెళ్లిళ్లకు అద్దెకిచ్చే కుర్చీలన్నీ తెప్పించి నడవాల్లో వేసినా సగంమంది నిలబడే చూడవలసి వచ్చేది.