తాతకు దగ్గులు నేర్పేవాళ్లొచ్చారు

మడకశిర జనానికి శుభవార్త. రాగులు తినొచ్చట. తింటే ఒళ్లే కాదు, భూగోళం కూడా బాగుపడుతుందట. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాకే ఈ సంగతి బయటపడింది. అంతకుముందు అమరాపురం, గుడిబండ, రొళ్ల పల్లెల్లో పొద్దున్నే ముద్ద మింగి చేనికి పోయినవాళ్లంతా ఏం తింటున్నారో తెలియకుండానే బతికేశారు పాపం.

ఆ లోటు తీర్చడానికే సదస్సులు. వెనక ప్లాస్టిక్ ఫ్లెక్సీ, ముందు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, నడుమ సుస్థిర ఆహార వ్యవస్థ మీద ఉపన్యాసం. 2019లో ఈట్-లాన్సెట్ కమిషన్ తరఫున 16 దేశాలకు చెందిన 37 మంది శాస్త్రవేత్తలు తేల్చిందేమంటే, మనిషి ఎర్రమాంసం రోజుకు 14 గ్రాముల దగ్గర ఆపాలి, ముడిధాన్యాలూ పప్పులూ కూరగాయలూ పెంచాలి. అమెరికావాడికి ఆ లెక్క అవసరమే, కాదనను. ఉగాది మరునాడూ, మారెమ్మ జాతరకూ తప్ప పొట్టేలు కూర ఎరగని ఇంటి ముందు దాన్ని చదివితే మాత్రం మా అవ్వలాంటిది ఒకటే అడిగేది: "ముద్ద తినమని చెప్పేకి ఇంత దూరం వచ్చిండారా నాయనా?"

ఎసట్లో ఇన్ని నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, కాసేపు కదపకుండా వదిలి, కుండను అదిమిపట్టి కట్టెతో ఉండల్లేకుండా గెలికి, తడిచేత్తో ముద్ద కట్టాలి. పక్కన ఊరిబిండో, చలికాలమైతే పితికిన అనపగింజల పులుసో. ఆ అనపలు రాగి చేలోనే సాళ్ల మధ్య వేసినవి. వానలు మొహం చాటేసి రాగి దెబ్బతిన్నా అనపో కందో చేతికొచ్చేది, గొడ్లకు మేత మిగిలేది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. అలాంటి సీమలో రైతు తనకు తాను చేసుకున్న బీమా అది. ఇప్పుడు దాన్నే 'వాతావరణాన్ని తట్టుకునే సేద్యం' అని ప్రాజెక్టు రిపోర్టులో రాసి మనకే పాఠం చెబుతున్నారు.

మరి ఆ చేలేమయ్యాయి? జనానికి అవగాహన లేక పోయాయని సదస్సు తీర్మానం. శుద్ధ అబద్ధం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే కళ్లు పోతాయి. దాని వెంటే తెల్లన్నం మర్యాద అయింది, ముద్ద నామోషీ అయింది. శెనక్కాయకు మార్కెట్లో రొక్కం దొరికింది, బ్యాంకులో అప్పు పుట్టింది. బోరులో నీళ్లు పడినవాడు వక్కతోట పెట్టాడు. కొర్రలూ సామలూ పొట్టు తీయాలంటే రోట్లో దంచాల్సింది ఆడవాళ్లు. ఆ రోకలిపోటు తప్పినందుకు వాళ్లు సంతోషించారంటే తప్పేముంది? జన్మలో రోకలి పట్టనివాళ్లే ఇప్పుడు పాత రోజులు తలచుకుని కళ్లు ఒత్తుకుంటున్నారు.

2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ20 విందులో దేశాధినేతలకు ఊదల పాయసం వడ్డించారు. సంతోషం. బెంగళూరు మాల్‌లో రాగి బిస్కెట్లకు అద్దాల అర ఇచ్చారు. ఇంకా సంతోషం. 2025-26లో రాగులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. సాధారణ రకం వడ్లకు 2,369. కాగితం మీద రాగిదే రాజ్యం! కొనేవాడు కాటా పట్టుకుని రానిదే ఆ అంకెకు విలువేముంది? గట్టు దాటితే కర్ణాటక ఊళ్లు పావగడ, శిర. అక్కడి సర్కారు మద్దతు ధరకు రాగులు కొని రేషన్లో పంచుతోంది. ఇవతల చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అండతో 2008లో ఏర్పడ్డ ధరణి సహకార సంఘం రైతుల చిరుధాన్యాలు కొని, శుభ్రం చేసి అమ్ముతోంది. కొనుగోలు బ్రహ్మవిద్య కాదన్నమాట.

కాబట్టి అవగాహన కల్పించే అయ్యలారా, ఈసారి ఫ్లెక్సీ వద్దు. కాటా, గోనెసంచులు, చెక్కుబుక్కు తెండి. వీలైతే కొర్రల పొట్టు తీసే మిషనొకటి ఊళ్లో దింపండి. ఖరీఫ్ రాగి నూర్పిళ్లు నవంబరు, డిసెంబరుల్లో. అప్పుడు రండి.