టైమింగ్ చైన్ మీది తెల్లచుక్కకు బహిరంగ లేఖ

ఓ వైట్‌నర్ చుక్కా,

రికార్డు పుస్తకాల్లో తప్పులు కప్పడానికి పుట్టినదానివి, ఇంజన్ల జోలికి ఎందుకొచ్చావు? మహేశ్వరం దగ్గర శ్రీశైలం రోడ్డు పక్క షెడ్డులో మా జాగ్వార్ మార్క్ 2 హెడ్ దించేముందు ఉస్తాద్ జేబులోంచి సీసా తీసి, చైన్ లింకు మీద నిన్నొకసారి, క్యామ్ స్ప్రాకెట్ పన్ను మీద ఇంకోసారి అద్దాడు. "మార్క్ టు మార్క్ కలిపేస్తా సార్, ఫికర్ చేయకండి" అన్నాడు. హెడ్ ఫేసింగ్ చేయించి తెచ్చి, చుక్కకు చుక్క కలిపి బిగించాడు. బండి స్టార్టయింది. ఐడ్లింగూ బాగానే ఉంది. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక బయటపడింది సంగతి. ఆరు సిలిండర్ల బండి పికప్ లేక లారీల వెనకే నడిచింది.

నీ పాత పేరు ప్రతిష్ఠలు నాకు తెలియక కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో చుక్కలకు పనుండేది. వాటి క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే, క్రాంక్‌కు దగ్గరగా ఉంటుంది. చైన్ పొట్టిది. స్ప్రాకెట్ల మీద కంపెనీ కొట్టిన గుర్తులుంటాయి. అవి కంటికి ఆనేలా చేయడమే చుక్క పని. కానీ 1948 లండన్ మోటార్ షోలో ఎక్స్‌కే120 కారుతో బయటికొచ్చిన, మా మార్క్ 2లోనూ ఉన్న ఈ ఎక్స్‌కే ఇంజన్ జాతే వేరు. హెడ్ మీద ఇన్‌లెట్‌కో క్యామ్, ఎగ్జాస్ట్‌కో క్యామ్. కింద ఒక చైన్, పైన ఒక చైన్. ఏళ్లు గడిచేకొద్దీ చైన్లు సాగుతాయి. ఫేసింగ్ పేరుతో హెడ్ అడుగు చెక్కితే క్యామ్‌లు క్రాంక్‌కు మరికాస్త దగ్గరవుతాయి. రెండింటి వల్లా జరిగేది ఒకటే, క్యామ్ వెనకబడుతుంది.

మాన్యువల్ ప్రకారం పిస్టన్ పై కొసకు చేరడానికి 15 డిగ్రీల ముందు ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకోవాలి, కింది కొస దాటిన 57 డిగ్రీలకు మూసుకోవాలి. ఎగ్జాస్ట్‌కు ఇవే అంకెలు తిరగేసి. ఈ లెక్కలో నువ్వెక్కడున్నావు? విప్పకముందు ఎలా ఉందో చెప్తావు గానీ, ఎలా ఉండాలో నీకేం తెలుసు? నిన్నటి తప్పును ఇవాళ నమ్మకంగా బిగిస్తావు. పైగా నీ లావొకటి! క్యామ్ స్ప్రాకెట్‌కు 30 పళ్లు. ఒక్క పన్ను తప్పితే క్యామ్ 12 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 24 డిగ్రీలు అటూ ఇటూ అయిపోతుంది. ఆయిల్ చెయ్యి తగిలితే సగం చెరిగే నువ్వు ఏ పన్ను మీద ఉన్నావో ఎవరు చెప్పాలి?

కంపెనీ పద్ధతిలో నీకు చోటే లేదు. ముందుగా ఆరో సిలిండర్‌ను కంప్రెషన్ మీద పైకి తేవాలి. జాగ్వార్ వాళ్లు వెనక నుంచి లెక్కపెడతారు కాబట్టి రేడియేటర్ పక్కనున్నదే ఆరోది. ఇది తెలియక వెనక్కి వెళ్లి చూసే ఉస్తాదులున్నారు. ఒకటో పిస్టన్, ఆరో పిస్టన్ కలిసే పైకొస్తాయి, కానీ ఒకటి కంప్రెషన్ చివర ఉంటే రెండోది ఎగ్జాస్ట్ చివర ఉంటుంది. తర్వాత పై చైన్ టెన్షన్ పెట్టాలి. క్యామ్‌షాఫ్ట్ ముందు భాగంలో ఒక గాడి ఉంటుంది. హెడ్ మీద కూర్చోబెట్టిన చిన్న గేజ్ నాలుక సరిగ్గా ఆ గాడిలో దిగాలి. అప్పుడు స్ప్రాకెట్ లోపలున్న పళ్ల ప్లేటును బయటికి లాగి, బోల్టు రంధ్రాలు కలిసే చోట మళ్లీ దించాలి. కలవడం కష్టమైతే ప్లేటును 180 డిగ్రీలు తిప్పి చూడాలి. చైన్ పన్నుతో సర్దలేని ఆ కాస్త తేడా కోసమే దాన్ని పెట్టారు. నిన్ను నమ్మినవాళ్లు ఆ ప్లేటును ముట్టుకోనే ముట్టుకోరు.

నీ వల్ల జరిగే అసలు నష్టం ఇంకోటుంది. "చుక్క కలవట్లేదు, కొంచెం తిప్పరా" అనగానే కుర్రాడు క్యామ్‌కు పానా వేస్తాడు. స్ప్రాకెట్ విప్పి ఉండగా ఎటంటే అటు తిప్పితే, రెండు పక్కల నుంచీ లోపలికి వాలి ఉన్న ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. వాల్వ్ వంగిందంటే మళ్లీ హెడ్ దించాల్సిందే.

ఇదంతా జరుగుతున్నది షంషాబాద్ పక్కన! విమానాల లీప్ ఇంజన్లు విప్పి సర్వీసు చేయడానికి సఫ్రాన్ కంపెనీ కేంద్రం పెట్టిన చోటు. (వాటికి క్యామ్‌లు ఉండవనుకో.) ఇక్కడ కొత్త ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు మొదలైంది 2008 మార్చి 23న. మూడు రోజులకే, 26న, ఫోర్డ్ దగ్గర జాగ్వార్‌ను కొంటామని టాటాలు ఒప్పందం చేసుకున్నారు. అంటే ఇది ఇప్పుడు మన ఇంటి కంపెనీయే, ఇంకాస్త మర్యాద చేయొచ్చు.

చివరికి గేజ్ పెట్టి చూశాం. నువ్వు చుక్కకు చుక్క కలిసే ఉన్నావు. క్యామ్ గాడి మాత్రం గేజ్‌కు అందలేదు. నిన్ను పెట్రోలు గుడ్డతో తుడిచేసి, ప్లేటు సర్ది బిగించాక అదే ఔటర్ మీద బండి లారీలను దాటింది.

పాత ట్విన్ క్యామ్ బండ్లున్న వాళ్లకు ఒక మాట. ఇంజన్‌కు చేయి పెట్టకముందే "గేజ్ ఉందా ఉస్తాద్?" అని అడగండి. లేదంటే మీరే కొనిచ్చి, ఆ తర్వాతే హెడ్ విప్పనివ్వండి.

ఇట్లు,
ఒక మార్క్ 2 యజమాని