చరిత్ర చవక, ఆటో ప్రియం

తక్కువ ఖర్చుతో పాత పట్టణాలనూ కొండ ఊళ్లనూ చుట్టి రావడం తామే కనిపెట్టిన విద్య అని ఫోన్లలో వీడియోలు పెట్టే యువతరం గట్టిగా నమ్ముతున్నప్పటికీ, ఆ నమ్మకం కృష్ణా డెల్టా చరిత్ర ముందు నిలవదు. ఏడో శతాబ్దంలో చైనా నుంచి బయలుదేరి ఈ ప్రాంతానికి వచ్చిన హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకంలో నెలల తరబడి మకాం వేసి, ఇక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బుద్ధుడి బోధను తాత్త్వికంగా విడమరచే శాస్త్రభాగం, చదువుకుని వెళ్లాడు. బస ఆరామంలో, భోజనం భిక్షాపాత్రలో కాబట్టి లాడ్జి అద్దె, హోటల్ బిల్లు అనే రెండు పద్దులూ ఆయన లెక్కల్లోకి రాలేదు. అయితే ఆ మహానుభావుడు అడ్రసు వివరంగా రాసిపెట్టకపోవడం వల్ల, ధాన్యకటకమంటే అమరావతి పక్కనున్న ధరణికోటే అని కొందరూ, కాదు బెజవాడే, అంటే నేటి విజయవాడే, అని మరికొందరూ పందొమ్మిదో శతాబ్దంలో పుస్తకాల నిండా వాదించుకున్నారు.

ఆధునిక యాత్రికుడు నేర్వవలసిన మూలసూత్రం ఒక్కటే: ఈ ప్రాంతంలో చరిత్రను చూడటానికయ్యే ఖర్చూ, దాని గుమ్మం దాకా చేరడానికయ్యే ఖర్చూ విలోమానుపాతంలో ఉంటాయి, అంటే మొదటిది తగ్గేకొద్దీ రెండోది పెరుగుతుంది.

సూత్రానికి మినహాయింపుగా కనిపించేది పల్లెవెలుగు, అంటే చెయ్యెత్తిన చోటల్లా ఆగుతూ, ఆగిన చోటల్లా నిండుతూ సాగే ఆర్టీసీ సాధారణ బస్సు. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన స్త్రీశక్తి పథకం ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళలు గుర్తింపు కార్డు చూపి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో జీరో టికెట్టుతో, అంటే ధర ఉండవలసిన చోట సున్నా ఉన్న టికెట్టుతో, ప్రయాణిస్తారు కాబట్టి, తల్లి, ఇద్దరు కూతుళ్లు, తండ్రి ఉన్న కుటుంబం విహారయాత్రకు బయలుదేరితే రవాణా పద్దులో మిగిలే ఏకైక ఖర్చు తండ్రి. ఆయనను ఇంటి దగ్గర దిగబెట్టి వెళ్లడం ఆర్థికశాస్త్రం దృష్ట్యా ఉత్తమమే అయినా, సంచులు మోసే మనిషికి ప్రత్యామ్నాయం ఇంకా దొరకనందువల్ల ఆ సంస్కరణ ఆగిపోయింది.

బస్సు దిగిన తరువాత సూత్రం తన ప్రతాపం చూపుతుంది. బల్లపరుపు డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఇంద్రకీలాద్రే హిమాలయం కాబట్టి ఉండవల్లి, మంగళగిరి, కొండపల్లి వంటి ఊళ్లు వారికి పర్వత గ్రామాల కిందే లెక్క. విజయవాడకు ఎదురుగా కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న ఉండవల్లిలో కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా మలిచిన గుహాలయముంది. అందులో ఏకశిలలో చెక్కిన అనంతపద్మనాభుడు గది అద్దె, చెక్‌అవుట్ వేళ అనే బాధలు లేకుండా శతాబ్దాలుగా శయనించి ఉన్నాడు. ఆయన దర్శనానికి పురావస్తు శాఖ తీసుకునే రుసుం పాతిక రూపాయలకు మించదు. అక్కడికి చేర్చే ఆటోలు మాత్రం రెండు రకాలు: ఒకటి సర్వీసు ఆటో, అంటే ముగ్గురు కూర్చోవలసిన బండిలో ఎనిమిది మందిని సర్ది తలా ఇంత వసూలు చేసేది, రెండోది మాట్లాడుకున్న ఆటో, అంటే బేరం ముగిసేసరికి యాత్రికుడు పూర్తిగా మాటపడిపోయేది. ఈ రెండో రకంలో దూరాన్ని కిలోమీటర్లలో కాక డ్రైవరు సానుభూతిలో కొలుస్తారు. “వచ్చేటప్పుడు ఖాళీగా రావాలండీ” అన్న ఒక్క వాక్యంతో చార్జీ రెట్టింపవుతుంది.

రెడ్డిరాజుల కాలపు కోట గల కొండపల్లిలోనూ ఇదే తంతు. అక్కడి బొమ్మల కాలనీలో తెల్లపొణికి అనే తేలిక కర్రను చెక్కి, చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవాలను అతికించి, రంగులు వేసి దశావతారాలను నిలబెట్టే కళాకారుడి దగ్గర యాత్రికుడు, ఆటో దగ్గర పోయిన పరువును తిరిగి రాబట్టుకునే ఉద్దేశంతో, మత్స్యావతారం నుంచి కల్కి దాకా ఒక్కో అవతారానికీ విడివిడిగా బేరమాడతాడు. పొదుపు అనే సద్గుణం చేతిపని చేసేవారి ముందు మాత్రమే ఇంత ఉజ్జ్వలంగా వెలగడం గమనార్హం. మంగళగిరిలోని పానకాల నరసింహస్వామి ఈ విషయంలో ఆదర్శప్రాయుడు: పోసిన బెల్లం పానకంలో సగమే సేవించి సగం తిరిగి ఇచ్చేస్తాడని భక్తుల విశ్వాసం, ఈ మార్గం మొత్తంలో సగం వాపసు ఇచ్చే ఏర్పాటు మరెక్కడా లేదు.

తూర్పు కొసనున్న మచిలీపట్నం, అంటే జనం నోట బందరు, యాత్రికుడికి ప్రధానంగా లడ్డూ రూపంలో తెలుసు. పదిహేడో శతాబ్దపు తొలి పదేళ్లలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ ఫ్యాక్టరీలు, అంటే సరుకు నిల్వచేసే వర్తక స్థావరాలు, పెట్టుకున్నారు. రానుచార్జీలు సొంతంగా పెట్టుకుని వచ్చి, పోనుచార్జీలు ఇక్కడివారి దగ్గరే రాబట్టుకున్నందుకు వారిని చవక యాత్రికులలో అగ్రగణ్యులుగా పేర్కొనాలి.

సూత్రానికి పరిపూర్ణ నిరూపణ అమరావతిలో దొరుకుతుంది. ముందుగా ఏ అమరావతి అన్నది తేల్చుకోవాలి: 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన రాజధాని ఒకటి, రెండు వేల ఏళ్లనాటి మహాచైత్యం, అంటే బౌద్ధ ధాతువులపై కట్టిన పెద్ద స్తూపం, ఉన్న పాత ఊరు మరొకటి. ఈ రెండో అమరావతిలో దిగిన యాత్రికుడికి స్తూపం ఉండవలసిన చోట ఓ గుండ్రని దిబ్బ కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టించినప్పుడు ఇటుకలకూ రాళ్లకూ ఆ దిబ్బను తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో అదే కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఓర్చి, 1859లో లండన్ ఓడ ఎక్కాయి. పల్నాటి సున్నపురాయిలో చెక్కిన ఈ శిల్పాలకు అక్కడ ఎలియట్ పాలరాళ్లని పేరు కూడా పడింది. ప్రయాణంలో ఊరే కాక రాయి కులం కూడా మారడం చరిత్రలో అరుదు.

ఇప్పుడు లెక్క చూడవచ్చు. అమరావతి మ్యూజియంలో ప్రవేశానికి అయిదు రూపాయలు, అక్కడికి పల్లెవెలుగు చార్జీ అదనం, ఆడవారికి అదీ లేదు. మరికొన్ని శిల్పాలున్న చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి రాత్రి రైలు కావాలి. నూటఇరవైకి పైగా శిల్పాలను దాచుకున్న బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం పూర్తిగా ఉచితం, కాబట్టి సూత్రం ప్రకారం అక్కడికి చేరడానికి వీసా, విమానం టికెట్టు, బ్యాంకు స్టేట్‌మెంట్, అంటే వెళ్లినవాడు తిరిగి వస్తాడని కాన్సులేటును నమ్మించే కాగితం, తప్పవు. ఎలియట్ శిల్పాలను ఇవేవీ అడగలేదు, అవి తిరిగి రానూ లేదు.

వారం చూసుకోవడం మరో జాగ్రత్త. అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు. బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది. అందువల్ల శుక్రవారం నాడే అమరావతిని చూసి తీరాలన్న డెల్టావాసి లండన్ వెళ్లక తప్పదు, గన్నవరం విమానాశ్రయం దాకా ఆటోను మాత్రం ముందురోజే మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి.