వెటకారం పడలేక

రావులపాలెం సెంటర్లో ఒకాయన అమలాపురం బస్సు ఎన్నింటికుందో ఫోన్లో అడుగుతూ నిలబడతాడు. ఫోన్ చక్రం తిప్పుకుంటూ ఆలోచిస్తుంది. ఈలోగా అమలాపురం బస్సు వచ్చి, హారన్ కొట్టి మరీ ఆయన్ని దాటుకుని పోతుంది. అప్పటికి తీరుబడైన ఫోన్ "దగ్గర్లోని బస్టాండులో విచారించండి" అని సెలవిస్తుంది. పక్కనున్న సోడా బండివాణ్ణి అడిగితే బస్సు టైమే కాదు, ఏ పక్క కూర్చుంటే ఎండ తగలదో కూడా చెప్పేవాడు. అడగడు. ఎందుకడగడన్నది మన జిల్లా గుట్టు. కాస్త ఆగితే చెబుతాను.

ఫోన్లో అడిగే సలహాల్లో ముందు కుక్క సంగతి చూద్దాం. కోనసీమ ఉక్కకి మనుషులే తువ్వాళ్ళు పిండుకుంటుంటే, సైబీరియా మంచులో బండి లాగాల్సిన హస్కీని తెచ్చి కొబ్బరిచెట్టు నీడన కట్టేస్తారు. అది బారెడు నాలుక చాపి రొప్పుతుంటుంది. "మా బుజ్జిగాడు డల్‌గా ఉన్నాడు, సలహా ప్లీజ్" అని గ్రూపులో ఫొటో. న్యూజెర్సీ నుంచి ఒకావిడ రోజూ రెండు మైళ్ళు పరిగెత్తించమంటుంది. ఆవిడ చెప్పేది అక్కడి చలికాలం మాట. హైదరాబాదు నుంచి ఇంకొకాయన ద్రాక్షపళ్ళు పెట్టండి, చలవ అంటాడు. ద్రాక్ష కుక్క మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఉల్లిపాయ దాని నెత్తుటిలో ఎర్రకణాలను విరిచేస్తుంది. పిల్లికి ఒళ్ళు కాలుతోందని సగం పారాసెటమాల్ మాత్ర వెయ్యమనే దయామయులు కూడా ఉన్నారు. పిల్లి ప్రాణం తియ్యడానికి ఆ సగమే చాలు. ఇన్ని సలహాలిచ్చినవాళ్ళలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నవాడు ఒక్కడుంటాడు. వాడి మాటకి ఒక్క లైకు కూడా పడదు.

కుక్క మనిషిని కరిస్తే సలహాల జోరు ఇంకా ఎక్కువ. పూర్వం గాయం మీద కారం, సున్నం, పసరు పెట్టేవారు. ఇప్పుడూ అవే పెడుతున్నారు, కాకపోతే వీడియో చూసి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడిగి, సర్కారు ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవడమన్నది అందులో ఎవరికీ నచ్చని వైద్యం. మరీ సులువు, పైగా ఉచితం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దానికి మందు లేదు. సలహా ఇచ్చినవాడు ఈలోగా వేరే గ్రూపులో మోకాళ్ళ నొప్పులు చూస్తుంటాడు.

షికార్ల సంగతికొద్దాం. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్న భక్తుడు "ఏ టైముకెళితే ఖాళీగా ఉంటుంది?" అని అడిగాడు. తెల్లారగట్ల నాలుగింటికి వెళ్ళండి, పురుగుండదు అన్నారు. ఆ సలహా ఊరూరా తిరిగింది. ఇప్పుడు నాలుగింటికి లైను గుడి దాటి గోదారి గట్టు దాకా ఉంటుంది. అందులో ప్రతివాడూ ముందున్నవాణ్ణి చూసి, వీడికెవడు చెప్పాడబ్బా అని పళ్ళు కొరుకుతుంటాడు.

పాపికొండల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాదు. "లైఫ్ జాకెట్టా? ఉక్కపోతండీ, ఫొటో దిగాక విప్పెయ్యండి" అనే సలహా ఇప్పటికీ చెలామణీలో ఉంది. 2019 సెప్టెంబరు 15న, గోదారి వరద మీదున్నప్పుడు, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు రాయల్ వశిష్ట మునిగింది. ఆ తర్వాత బోటు ఎలా తియ్యాలో ఇంట్లో సోఫాలో కూర్చున్నవాళ్ళంతా రాష్ట్రానికి చెప్పారు. చివరికి అక్టోబరు 22న తాళ్ళతో, లంగర్లతో దాన్ని పైకి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. నీళ్ళలో పనిచేసి బతికేవాళ్ళు వాళ్ళు. వరదలో లాంచీ ఎక్కొచ్చా అన్నది కూడా రేవులో లంగరేసుకుని కూర్చున్న సరంగుని అడగాల్సిన ముక్క.

టిక్కెట్లు. రావులపాలేనికి రైలు లేదు, రాజమండ్రో తణుకో పోవాలి. (కోటిపల్లి–నరసాపురం లైను ఎప్పుడొస్తుందని అడిగితే మాత్రం సలహాదారులంతా మౌనవ్రతం పడతారు.) హైదరాబాదులో ఉన్న కొడుక్కి సంక్రాంతికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కావాలి. "నాలుగు నెలల ముందే తీసెయ్యాలండీ" అంటాడో మహానుభావుడు. ఆ నాలుగు నెలల గడువు 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకి తగ్గింది. పాలప్యాకెట్టు మీద తారీఖుంటుంది గానీ సలహా మీద ఉండదు కదా! "పోనీ తత్కాల్? పదింటికల్లా మా ఏజెంటు కొట్టేస్తాడు." ఏసీకి పదింటికి, స్లీపరుకి పదకొండింటికి తెరుస్తారు. తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లకి ప్రవేశం లేదు. 2025 జులై నుంచి ఆధార్ సరిచూపించుకోని ఖాతాకి ఆన్‌లైన్లో తత్కాలే లేదు. ఇవన్నీ తేలేసరికి వెయిటింగ్ లిస్టు వందలు దాటి, ఆ కొడుకు రైల్లో బాత్రూం పక్కన నిలబడతానన్నా చోటు దొరకదు.

ఇంక డబ్బు. పాత పందిరిమంచం అమ్ముతానని ఒకాయన ఫోన్లో పెట్టాడు. పది నిమిషాల్లో 'ఆర్మీ ఆఫీసరు' పలికాడు. చెప్పిన ధరకే కొంటానన్నాడు. అరటి మార్కెట్లో గెల మీద రెండు రూపాయల కోసం గంటసేపు గొంతు చించుకునే ఊళ్ళో పుట్టి, బేరమాడని కొనుగోలుదారుణ్ణి చూసి ఈయనకి అనుమానం రాలేదు! కోడ్ పంపాడు, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నాడు. ఈయన కొట్టాడు, ఉన్న డబ్బు పోయింది. 2016లో యూపీఐ వచ్చిన నాటి నుంచి పిన్ను కొట్టేది డబ్బు పంపడానికి, పుచ్చుకోవడానికి కాదు. ఆ ముక్క సెంటర్లో టీ అమ్మేవాడికీ తెలుసు. డబ్బాకి కోడ్ బొమ్మ అంటించుకుని, రోజంతా పిన్ను ముట్టుకోకుండానే పుచ్చుకుంటున్నాడు.

మరి టీకొట్టువాణ్ణి ఎందుకు అడగలేదు? ఇదిగో, ఇందాక చెబుతానన్న గుట్టు. గోదారి జిల్లాలో తెలిసినవాడు ఊరికే చెప్పడు. "అబ్బో, తమరంతటివారికి కూడా తెలీదాండీ? ఆయ్, కలికాలం!" అని నాలుగు వడ్డించి, అప్పుడు చెబుతాడు. సాయంత్రానికి అది బజారంతా తిరిగి మళ్ళీ మనింటికే వస్తుంది, కొత్త తోకతో. ఆ వెటకారం పడలేకే మనవాడు ఫోన్లో దూరాడు. అక్కడ అంతా మర్యాదే. సర్ అంటారు, ప్లీజ్ అంటారు, రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. అందరికన్నా ఎక్కువ మర్యాద ఆర్మీ ఆఫీసరుది. వెటకారంతో వచ్చే సరైన జవాబుకి ఖర్చు లేదు. ఆ మర్యాదకి పద్దెనిమిది వేలు.

డబ్బు పోయిన గంటలోపు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో దాన్ని ఆపించే వీలుంటుంది. మనాయన కూడా చేశాడు. ఎప్పుడు పోయాయండీ అని అడిగారు.

"నిన్న మధ్యాహ్నమండీ."

"మరి అప్పట్నుంచీ ఏం చేస్తున్నారండీ?"

"ఏం చెయ్యాలో గ్రూపులో అడుగుతున్నానండీ."