గురి తప్పితేనే క్లెయిం

అమెరికాలో మనుషుల కంటే తుపాకులు ఎక్కువ. 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే వేసిన అంచనా ప్రకారం జనం దగ్గరున్నవి 39 కోట్ల పైమాటే. అప్పటికి జనాభా 33 కోట్లు కూడా లేదు. ఉయ్యాల్లో పిల్లలతో సహా తలా ఒకటి పంచాక కూడా ఆరు కోట్లు అటకెక్కించుకోవచ్చు. ఇంత సంసారానికి పూచీ పడే నాథుడు ఎవరో ఒకరు ఉండాలి కదా! వాషింగ్టన్‌లో కాంగ్రెస్ ఆ మాటెత్తితేనే మొహం తిప్పుకుంటోంది. చివరికి శాన్ హోసే నగరం ఇన్సూరెన్స్ ఏజెంటుకి కబురు పెట్టింది.

మన సాఫ్ట్‌వేర్ పిల్లలు బోలెడంత మంది కాపురముంటున్న ఊరే అది. 2021 మేలో అక్కడి వీటీఏ అనే రవాణా సంస్థ రైల్ యార్డులో ఒక ఉద్యోగి తొమ్మిది మంది తోటి ఉద్యోగుల్ని కాల్చి చంపాడు. అంతకు రెండేళ్ల ముందు దగ్గర్లోని గిల్‌రాయ్ వెల్లుల్లి ఉత్సవంలో ముగ్గురు బలయ్యారు. అప్పటి మేయర్ శామ్ లికార్డో కార్లకి బీమా ఉన్నప్పుడు తుపాకులకి ఎందుకుండకూడదన్నాడు. సబబైన ప్రశ్నే. 2022 ఫిబ్రవరిలో కౌన్సిల్ సరేనంది. 2023 జనవరి 1 నుంచి తుపాకి ఉన్నవాళ్లకి లయబిలిటీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఏటా పాతిక డాలర్ల ఫీజు మాట కూడా అన్నారు.

అంతా బాగానే ఉంది గానీ, పాలసీ తిరగేస్తే అసలు సంగతి బయటపడుతుంది. చెయ్యి జారి పేలితే కంపెనీ డబ్బిస్తుంది. కావాలని కాలిస్తే పైసా రాదు. అంటే క్లెయిం ఆఫీసులో సంభాషణ ఇలా నడవాలన్నమాట:

"గురి చూసి కాల్చారా అండీ?"

"లేదండీ, తుడుస్తుంటే పేలింది."

"శుభం. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆ రైల్ యార్డు హంతకుడికి పక్కా పాలసీ ఉండి ఉన్నా, ఆ తొమ్మిది ఇళ్లకి దాన్నుంచి చిల్లిగవ్వ ముట్టేది కాదు. 2021లో ఆ దేశం మొత్తమ్మీద తుపాకులకు పోయిన ప్రాణాలు 48,830. అందులో 26 వేల పైచిలుకు ఆత్మహత్యలు, దాదాపు 21 వేలు హత్యలు. పొరపాటున పేలి పోయినవాళ్లు 549 మంది. ఆ 549 మందీ మనుషులే, వాళ్ల కుటుంబాలకి నాలుగు డబ్బులొస్తే మంచిదే. మిగతా 48 వేల పైచిలుకు మంది మాత్రం పాలసీలో చిన్న అక్షరాల కింద పడిపోయారు. పైగా చాలామందికి ఇంటి పాలసీలోనే ఈ కవరేజీ ముందునుంచీ ఉందట.

ఇంత పస లేని చట్టం మీద తుపాకి సంఘాలు చేసిన గోల చూడాలి! కౌన్సిల్‌లో మొదటి విడత ఓటింగ్ అయ్యీ అవగానే కోర్టుకెక్కాయి. తుపాకికి డబ్బు పెడతారు, తూటాలకి పెడతారు, దాచే బీరువాకి పెడతారు. పాతిక డాలర్ల ఫీజు దగ్గరికొచ్చేసరికి రాజ్యాంగం ప్రమాదంలో పడుతుంది. పోనీ ఇన్సూరెన్స్ అంటేనే గిట్టదా అంటే, అదీ కాదు. 2017లో తుపాకి సంఘమైన ఎన్‌ఆర్‌ఏయే (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) 'క్యారీ గార్డ్' అని ఒక పాలసీ అమ్మింది. ఆత్మరక్షణ కోసం కాల్చానన్నవాడికి లాయరు ఖర్చులు అందులో వచ్చేవి. మరుసటి ఏడాది న్యూయార్క్ రాష్ట్రం దాన్ని తప్పుబట్టి, బ్రోకరుకి 70 లక్షల డాలర్లు, బీమా కంపెనీకి 13 లక్షలు జరిమానా వేసింది. కాల్చినవాడికి బీమా అయితే స్వేచ్ఛ, తగిలినవాడికైతే దౌర్జన్యం!

కోర్టుల ముచ్చట మరో రకం. శాన్ హోసే బీమాని ఆపడానికి 2022లో అక్కడి ఫెడరల్ జడ్జి ఒప్పుకోలేదు. తుపాకి వెంట పెట్టుకుని తిరిగేవాళ్లు మూడు లక్షల డాలర్లకి బీమా చేయించాలని న్యూజెర్సీ చట్టం చేస్తే, 2023లో అక్కడి జడ్జి ఆపేశారు. ఇంకో తమాషా చూడండి. న్యూజెర్సీ బీమా అడిగింది జేబులో తుపాకితో వీధిన పడేవాళ్లనే. శాన్ హోసేలో అలా తిరిగే లైసెన్సున్నవాళ్లకి మినహాయింపు! బీరువాలో పెట్టి తాళం వేసుకున్నవాడే బీమా కట్టాలి.

కట్టాడో లేదో చూసేదెవరంటారా? ఎవరూ ఇల్లిల్లూ తిరగరు. నగరం ఇచ్చిన ఫారంలో బీమా వివరాలు తనే నింపుకుని, తనే సంతకం పెట్టుకుని, తుపాకి పక్కనే ఉంచుకోవాలి. తుపాకి దొంగతనానికి గురైతే పోలీసులకి చెప్పేదాకా యజమాని లెక్కలో అతనే. ఈలోగా ఆ దొంగ సొరుగులో ఉన్నదంతా ఊడ్చుకుపోయి ఉంటే మాత్రం, ఊళ్లో కాయితాలన్నీ సక్రమంగా ఉన్న తుపాకి వాడి దగ్గరే ఉన్నట్టు.