కాస్త నూనె

నేనొక వాననీళ్ల పీపాని. ఫిలడెల్ఫియాలో ఒక ఇంటి పెరట్లో, చూరు కింద నిలబెట్టారు నన్ను. 1793లో అమెరికా రాజధాని ఆ ఊరే. దాదాపు యాభై వేల జనం.

ఆ ఆగస్టులో రేవు పక్క వీధుల్లో ఎల్లో ఫీవర్ మొదలైంది. ఒళ్లు పచ్చబడేది, నల్లటి వాంతులయ్యేవి, వారం తిరక్కుండానే చాలామంది పోయేవారు. రేవులో కుళ్లిన కాఫీ గింజల కంపే కారణమన్నాడు డాక్టర్ బెంజమిన్ రష్. కాదు, కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో వచ్చిందన్నారు ఇంకొందరు.

ఇక జాగ్రత్తలు చూడాలి! మా ఇంటావిడ వెనిగర్‌లో తడిపిన స్పాంజి ముక్కుకి పెట్టుకోందే గడప దాటేది కాదు. ఇంటాయన జేబులో కర్పూరం, బూట్లలో వెల్లుల్లి రెబ్బలు, చేతిలో తారు పూసిన తాడు. గాలి శుభ్రపడుతుందని వీధి మూలల్లో మంటలు వేశారు, తుపాకులు పేల్చారు. వినేవాళ్ల గుండె జారిపోతోందని చర్చిల్లో చావు గంటలు ఆపించారు. స్నేహితులు ఎదురుపడినా చేయి కలపడం మానేశారు. ఇవన్నీ నీళ్లు ముంచుకుంటూ పనిమనిషి చెప్పుకొచ్చిన కబుర్లు. ఆమె బొక్కెన తగలగానే నాలో సన్నటి పురుగులు గిలగిల్లాడుతూ అడుక్కి జారేవి. కొన్ని రోజులాగితే అవే దోమలై లేచేవి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే.

పట్టే వీలు రాకపోలేదు. ఆగస్టు 29న పేరు దాచుకున్న ఒకాయన పత్రికకి ఉత్తరం రాశాడు: వాననీళ్ల తొట్లలో దోమలు పెరుగుతున్నాయి, కాస్త నూనె వేస్తే చస్తాయని. జ్వరానికీ దోమకీ లంకె ఆయనకీ తెలియదు, కుట్టే బాధ తప్పించాలనే ఆయన తాపత్రయం. మా ఇంట్లో సీసాలకి సీసాలు వెనిగర్ కొన్నారు గానీ ఆ కాస్త నూనె నాలో పడలేదు.

వేలమంది ఊరు వదిలారు, ప్రెసిడెంట్ వాషింగ్టన్ కూడా. నల్లవాళ్లకి ఈ జ్వరం సోకదన్న తప్పుడు నమ్మకంతో వాళ్లని సాయం అడిగారు. నల్లవాళ్ల పెద్దలు రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ తమవాళ్లతో కలిసి రోగులకి సేవచేశారు, శవాలు మోశారు. సోకదన్నవాళ్లలోనూ వందలమంది పోయారు. మొత్తం చావులు ఐదు వేల దాకా. చలి ముదిరాకే జ్వరం ఆగింది.

రోగిని కుట్టిన దోమే మరొకరికి అంటిస్తుందని 1881లో క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే చెప్పాడు. 1900లో అమెరికా సైనిక డాక్టర్ వాల్టర్ రీడ్ బృందం రుజువు చేసింది. అప్పటికి నాకు మిగిలింది తుప్పుపట్టిన ఇనప కట్టొక్కటే.

తోటి మనిషి వేలు తగిలితేనే ఉలిక్కిపడ్డ ఆ ఇంటివాళ్లు, నాలో మాత్రం మోచేతిదాకా చేయి ముంచేవారు.